పరదేశమున భూమి

తీరభూమి చౌకగా దొరకుచున్నదని విన్న పరదేశీయుడు మొదట అడుగవలసినది దాని వెల గాదు. ఆ భూమి ఎవ్వరిదని.

తీరమునుండి 50, సరిహద్దునుండి 100 కిలోమీటర్లలోపలి భూమిపై విదేశీయులకు ప్రత్యక్షస్వామ్యము కూడదని మెక్సికో ప్రజలు తమ 1917 నాటి రాజ్యాంగమున శాసించుకొనిరి. 1848లో విశాలభూభాగమును అమెరికాకు కోల్పోయిన జాతి తన తీరమును గాచుకొనుటను మేము తప్పుబట్టజాలము. విదేశీయుడు అచట నివాసము నేర్పరచుకొనుటకు 1993 నాటి చట్టము, బ్యాంకు ధర్మకర్తగా, 50 ఏండ్ల గడువుతో ఒక మార్గము చూపుచున్నది. అయినను స్థానికుని పేర బేనామీగా కొనువారును, కౌలు కాగితములను నమ్మి యిండ్లు గట్టువారును గలరు.

బాహా కాలిఫోర్నియా రాష్ట్రమందలి పుంటా బాండాలో జరిగినదేమి? అమెరికనులు పలువురు ఒక గ్రామసమష్టినుండి స్థలములను కౌలునకు గొని గృహములు నిర్మించుకొనిరి. ఆ భూమి సమష్టిది గాదనియు, పూర్వస్వాములదే యనియు సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2000 సంవత్సరమున వారు ఇండ్లు విడువవలసి వచ్చెను. జీవితమెల్ల కూడబెట్టినది పోగొట్టుకొనినవారియెడ మాకు సానుభూతి గలదు. కాని అందులకై నిజమైన స్వామికి న్యాయము నిరాకరించుట ధర్మమగునా? దోషము తీర్పునందు లేదు. తనది కాని భూమి నిచ్చినవానియందును, విచారింపక పుచ్చుకొనినవానియందును గలదు.

నేడు మన తెలుగువారును పరదేశములందు స్థిరాస్తులు గొనుచున్నారు. సొమ్ము చెల్లించుటకు ముందే, విక్రేతతో సంబంధములేని న్యాయవాదిచే స్వామ్యపరంపరను పరిశీలింపజేయుదురుగాక! ఆశ్రయమిచ్చిన దేశపు శాసనమును గౌరవించువానికి ఆ శాసనమే రక్ష.