పురిటికందుల ప్రయాణము

పుట్టిన గడియ తిరుగకమునుపే ప్రయాణము కట్టవలసిన ప్రాణి యొకటి మన కళింగాంధ్రమున కలదు. అది నెలలు నిండక పుట్టిన బీదవాని బిడ్డ.

సీతంపేట కొండలలోనో, సాలూరు మన్యములోనో, ఉద్దానపు పల్లెలోనో యొక తల్లి యేడవ నెల దాటగానే ప్రసవించును. బిడ్డ తూకము కిలోన్నర యుండదు. ఊపిరి నిలుకడగా నాడదు. అచటి వైద్యుడు చూచి, "పెద్దాసుపత్రికి తీసికొనిపొండు" అని చీటి వ్రాసి యిచ్చును. ఆ చీటితో పాలకొండకో, పార్వతీపురమునకో, టెక్కలికో పోవుదురు. అచట మంచము ఖాళీ లేదనిన శ్రీకాకుళమునకో విజయనగరమునకో పోవుదురు. అచటినుండి విశాఖపట్టణమునకు! ప్రతి గుమ్మమునను నొక చీటి. చీటీలు పెరుగుచుండును, బిడ్డ యొడలు చల్లబడుచుండును. తుదకు చేరినచోట వైద్యునకు మిగులునది యా చీటీలను చదువుకొనుటయే.

దీనిని మన ఆసుపత్రులు "రిఫరు చేయుట" యనుచున్నవి. మేము దీనిని చేతులు దులుపుకొనుట యందుము. బిడ్డను పంపుట చికిత్సలో నొక భాగము. పంపిన వైద్యుని బాధ్యత తన యాసుపత్రి గేటువద్ద తీరునది కాదు. బిడ్డ వేఱొక వైద్యుని చేతికి సురక్షితముగా చేరిననాడే తీరును. ఈ యొక్క సూత్రమును అధికారులు అంగీకరించిన నాడు తక్కిన సంస్కరణములన్నియు దానివెంట నడచి వచ్చును.

పురిటికందు పెద్దవానికి చిన్న ప్రతిబింబము కాదు. నెలలు నిండని బిడ్డకు చర్మము క్రింద క్రొవ్వుండదు. తడియొడలినుండి వేడి క్షణములలో జారిపోవును. ఆ దేహమునందు 36.5 మొదలు 37.5 డిగ్రీల వఱకు వేడి నిలువవలయును. అది తగ్గినచో, చలిని తట్టుకొనుటకై బిడ్డ తనకున్న కొద్దిపాటి చక్కెరను, ప్రాణవాయువును వెచ్చించుకొనును. చక్కెర పడిపోవును, ఊపిరి మందగించును, ఊపిరి మందగించినకొలది చలి మఱింత హెచ్చును. కావున వేడి, చక్కెర, ఊపిరి యను నీ మూడింటిని బయలుదేరుటకు ముందే చక్కబెట్టవలయును. అవి చక్కబడని బిడ్డను ఆటోలో గుడ్డచుట్టి పంపుట వైద్యమా? మన దేశమున 2020 లెక్కల ప్రకారము పుట్టిన ప్రతి వేయిమంది బిడ్డలలో 20 మంది 28 దినములు నిండకయే గతించిరి. అందు దారిలో చల్లబడినవారెందఱో యే రిజిస్టరులోను కానరాదు.

"ప్రభుత్వము బండ్లిచ్చినది గదా" యని కొందఱు వాదింతురు. ఇచ్చినది; కాదనము. 2005 ఆగస్టు 15న ఈ రాష్ట్రమున 108 సేవ యారంభమైనది. 2011 జూన్ 1న కేంద్రము తెచ్చిన జననీ శిశు సురక్ష పథకము క్రింద, జబ్బుపడిన పురిటిబిడ్డను ఆసుపత్రినుండి ఆసుపత్రికి చేర్చుట ఉచితము. 2020 జూలై 1న జెండా యూపి పంపిన 1,088 వాహనములలో 26 నవజాత శిశువులకే ప్రత్యేకించినవి. నాటి 13 జిల్లాలకు పంచి చూచిన జిల్లాకు రెండు! శిశువును తీసికొని యొక బండి పలాసనుండి విశాఖకు పోయి మరలి వచ్చునంతలో పూట గడచును. ఆ నడుమ పుట్టిన రెండవ బిడ్డ గతి యేమి? 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యము వేఱు జిల్లా యైనది. పటముపై గీతలు మాఱినవి గాని కొండదారి యొక్క మూరయైనను తగ్గలేదు.

"జనమే ఆలస్యముగా వచ్చెదరు" అని మఱికొందఱు నిందింతురు. దారిలేని కొండమీదినుండి నిండు చూలాలిని డోలీలో మోసి తెచ్చినవారిని ఆలస్యమునకు నిందించుటకు నోరెట్లాడును? 2023 ఫిబ్రవరిలో పాడేరు మన్యపు దంపతుల వార్త పత్రికలలో వచ్చినది. పుట్టినచోట ఊపిరాడక విశాఖకు పంపబడిన వారి బిడ్డ 14 దినముల వయస్సున మరణింపగా, ఆ కళేబరమును వారు స్కూటరుపై 120 కిలోమీటర్లు తీసికొనిపోయిరి. బండి యీయలేదని తల్లిదండ్రులు, ఏర్పాటు చేయుచుండగనే వెడలిపోయిరని ఆసుపత్రి వారు చెప్పిరి. తీర్పు చెప్పుట మా పని కాదు. కాని ఆ దిక్కులేని దంపతుల చేయి పట్టుకొని నడిపించు నొక బాధ్యుడు ఉండియున్నచో ఈ వాదమే పుట్టకుండెడిది గదా!

ఇక చేయదగిన దేమి? మొదటిది, బిడ్డను గాక తల్లిని ముందు పంపుట. తల్లి గర్భమును మించిన అంబులెన్సును ఏ కంపెనీయు నింతవఱకు నిర్మింపలేదు. నెలలు నిండకయే నొప్పులు వచ్చిన తల్లికి డెక్సామెథసోన్ సూది వేసిన బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడును. ఇది కొద్ది రూపాయల మందు. మొదటి మోతాదును ఏ.ఎన్.ఎం. సైతము ఇచ్చి పంపవచ్చునని కేంద్ర ప్రభుత్వము 2014లోనే అనుమతించినది. ఆ సూది ప్రతి ఉపకేంద్రమునను నున్నదా యని యెవరైన నడిగిరా?

రెండవది, తల్లిని బిడ్డను విడదీయకుండుట. కొలంబియా దేశపు బొగోటా నగరమున 1978లో, ఇంక్యుబేటర్లు చాలక, వైద్యులు బిడ్డను తల్లి యెదపై చర్మమునకు చర్మము తాకునట్లు కట్టి యుంచిరి. భారతదేశముతో కూడ అయిదు దేశములలో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, పుట్టినవెంటనే ఇట్లు చేసినచో చిన్నబిడ్డల మరణములు నాలుగింట నొకవంతు తగ్గునని తేలినది. శస్త్రచికిత్సతో కాన్పైన తల్లి రాలేనిచో తండ్రి యెదయైనను, అమ్మమ్మ యెదయైనను చాలును. బిడ్డ యొక బండిలో, తల్లి వేఱొక బండిలో పోవు నాచారము మానవలయును.

మూడవది, ముందుగా మాట. మంచమున్నదని టెలిఫోనుమీద రూఢి కాకుండ బండి కదలరాదు. బండిలో శిక్షణ పొందిన నర్సు ఉండవలయును. ఇది గొంతెమ్మకోరిక కాదు; న్యూయార్కు నగర ఆరోగ్యశాఖ ఇట్టి బిడ్డలకై 1948లోనే ప్రత్యేక వాహన సేవ నెలకొల్పినది.

నాలుగవది, సరిహద్దు. ఇచ్ఛాపురమునుండి శ్రీకాకుళము 130 కిలోమీటర్లకు పైబడిన దూరము. వైద్యకళాశాల గల బరంపురము రమారమి 25 కిలోమీటర్లు. 1936లో ఒరిస్సా వేఱుపడినపుడు బరంపురము అటు పోయినది. ఊపిరాడని బిడ్డకు ఆ గీతతో నేమి పని? రెండు ప్రభుత్వములును వ్రాతపూర్వకమైన యొడంబడిక చేసికొని, దగ్గఱి ద్వారమును తెఱచి యుంచవలయును.

1923లో వెలసిన నాటినుండి విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి గుమ్మమునే ఉత్తరాంధ్రమంతయు చూచుచున్నది. శ్రీకాకుళమున 2008లో, విజయనగరమున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. సంతోషము. అవి విశాఖ దారిలో మజిలీలు కారాదు. ప్రయాణమునకు గమ్యములు కావలయును.

మహాజనులారా! మీ యూరి ఆసుపత్రికి పోయి నాలుగు ప్రశ్నలు వేయుడు. గత నెలలో ఎందఱు బిడ్డలను పంపితిరి? బయలుదేరునపుడు వారి యొంటివేడి యెంత? చేరినపుడెంత? వారిలో నెందఱు బ్రతికిరి? ఈ లెక్కను నెలనెలా గోడపై వ్రాసి పెట్టుడని కోరుడు. సమాధానము లేనిచో మఱుసటి వారము మరల పోవుడు. తన కొఱకు తాను అడుగలేని పౌరుడు పురిటికందు. వాని పక్షమున అడుగుట మన విధి.