కంప్యూటర్ కబుర్లు: రెంటికీ చెడకుండా

సూరత్ నుండి అహ్మదాబాదు వైపు సాగే రైలు మార్గంలో తాపీ నది దాటిన తరువాత ఉత్రాణ్, ఆపైన కోసాడ్ అనే చిన్న స్టేషన్లు వస్తాయి. అహ్మదాబాదు–చెన్నై నవజీవన్ ఎక్స్‌ప్రెస్ కోసాడ్ మీదుగానే పోతుంది కాని అక్కడ ఆగదు. వరంగల్లుకో విజయవాడకో వెళ్ళదలచినవారు సూరత్ వచ్చి ఎక్కవలసిందే. మరమగ్గాలను నమ్ముకొని తెలంగాణ నుండి సూరత్‌కు వలస వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు అనేకం. వారి పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నెలకొల్పింది.

అటువంటి నేత కార్మికుడొకరు కోసాడ్‌లో కాపురముంటున్నారనుకొందాం. దీపావళికి మగ్గాలు ఆగుతాయి. నలుగురికి టికెట్ల కోసం సెల్‌ఫోన్‌లో ఐ.ఆర్.సి.టి.సి. ద్వారా సొమ్ము చెల్లించారు. బ్యాంకు ఖాతాలో డబ్బు తగ్గింది. టికెట్ మాత్రం రాలేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే కదా! ఇందులో తప్పెవరిదని విచారించే ముందు, అసలు జరిగిందేమిటో చూద్దాం.

ఆయన దృష్టిలో అది ఒకే పని. కంప్యూటర్ల దృష్టిలో అది వేర్వేరు సంస్థల ఖాతాలలో నమోదు కావలసిన అనేక పనులు. సొమ్ము తగ్గించవలసినది బ్యాంకు డేటాబేసు. బెర్తు కేటాయించవలసినది రైల్వే రిజర్వేషన్ డేటాబేసు. నడుమ రాయబారం నడిపేది అప్లికేషన్ సర్వర్. వీటి మధ్య నడిచేవి సందేశాలే. అవతలివారు "కాదు" అంటే చిక్కు లేదు. అసలు జవాబే రాకపోవడం చిక్కు. మన సందేశం చేరనే లేదా, లేక చేరి, పని పూర్తయి, జవాబు దారిలో పోయిందా? పంపినవారికి ఈ రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి.

ఈ సమస్యను మన రైల్వేలు ఇంటర్నెట్‌కు ముందే ఎదుర్కొన్నాయి. 1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ ఆరంభమైంది. తరువాత ఇతర మహానగరాలలోనూ వచ్చింది గాని, ఏ కేంద్రం లెక్క దానిదే. ఈ కేంద్రాలను కలపడానికి రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రమైన క్రిస్ రూపొందించిన 'కాన్సర్ట్' వ్యవస్థ 1994లో తొలిసారిగా అమలైనది మన సికింద్రాబాదులోనే. ఈ సంగతి మనవారిలోనే చాలామందికి తెలియకపోవడం విచారకరం. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు ఐదూ అనుసంధానమైనాయి. ముంబయి కేంద్రం పరిధిలోని సూరత్ కౌంటరులో కూర్చున్న గుమస్తా, సికింద్రాబాదు కేంద్రం లెక్కలో ఉన్న బండికి టికెట్ ఇవ్వగలిగాడు. ఆ కేంద్రాల నడుమ సందేశాలను చేరవేసినది డిజిటల్ కంపెనీ వారి 'రిలయబుల్ ట్రాన్సాక్షన్ రౌటర్' అనే సాఫ్ట్‌వేర్. ఒక లావాదేవీలో పాల్గొనే సర్వర్లన్నీ తమ ఓటు తెలుపుతాయి. అందరూ అంగీకరిస్తేనే ఖాయం. ఒక్కరు కాదన్నా మొత్తం రద్దు.

ఈ పద్ధతిని రెండంచెల ఖరారు అనవచ్చు. అమెరికన్ శాస్త్రజ్ఞుడు జిమ్ గ్రే 1978లో దీనిని వివరంగా గ్రంథస్థం చేశారు. మొదటి అంచెలో సమన్వయకర్త ప్రతి డేటాబేసును "సిద్ధమా?" అని అడుగుతాడు. అది ఆ పనిని ముందుగా తన చిట్టాలో చెరగకుండా వ్రాసుకొని, ఆ తరువాతనే "సిద్ధం" అంటుంది. అన్న తరువాత కరెంటు పోయినా మాట తప్పరాదు. రెండవ అంచెలో "ఖాయం" అనే ఆజ్ఞ వెలువడుతుంది. తాంబూలాలు పుచ్చుకొన్న తరువాత ముహూర్తం వరకు వేరే సంబంధం చూడరాదన్నట్లు, ఈ రెండు అంచెల నడుమ ఆ బెర్తుకు తాళం పడి ఉంటుంది, మరొకరికి ఇవ్వరాదు. పెళ్ళిపెద్ద ఆ సమయంలోనే కనబడకుండా పోతే? ఉభయపక్షాలూ ఎదురుచూస్తూ కూర్చోవలసిందే. ఈ పద్ధతిలోని బలహీనత అదే.

ఒకే యాజమాన్యం కింద ఉన్న కేంద్రాల నడుమ దీనిని సహించవచ్చు. రైల్వే వారి సర్వర్ పలికే వరకు తన ఖాతాదారు ఖాతాకు తాళం వేసి ఉంచడానికి ఏ బ్యాంకు ఒప్పుకొంటుంది? అందుచేత సంస్థల నడుమ వేరొక దారి తొక్కారు. ముందు సొమ్ము తగ్గిస్తారు, తరువాత బెర్తు అడుగుతారు, దొరకకపోతే సొమ్ము తిరిగి జమ చేస్తారు.

ఇందులోనూ ఒక మెలిక ఉన్నది. వరుసలో వేచి ఉన్న సందేశాన్ని సర్వర్ ముందే తీసివేసి, డేటాబేసులో వ్రాసేలోగా మూలపడితే సందేశం మాయమవుతుంది. ముందు వ్రాసి, సందేశాన్ని తీసివేసేలోగా మూలపడితే అదే సందేశం మళ్ళీ వచ్చి పని రెండుసార్లు జరుగుతుంది. ఈ రెండింటినీ ఒకే లావాదేవీగా కట్టడానికి 1991లో వెలువడిన 'ఎక్స్.ఎ.' ప్రమాణం తోడ్పడుతుంది. అది వీలుకానిచోట ప్రతి కోరికకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్య మళ్ళీ వస్తే పాత జవాబే పంపాలి. స్టోర్సు విభాగంలో ఒకే ఇండెంటుకు సామాను రెండుసార్లు విడుదల కాకుండా ఇండెంటు సంఖ్య చూడటం మన సోదరులకు అలవాటే.

కోసాడ్ కార్మికుడు వెంటనే రెండవసారి సొమ్ము చెల్లించడం తొందరపాటు. ముందుగా తన పేర బుక్ అయిన టికెట్ల జాబితా చూడాలి. లావాదేవీ సంఖ్య వ్రాసి ఉంచుకోవాలి. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న వెలువరించిన ఉత్తర్వు ప్రకారం, యు.పి.ఐ. ద్వారా చెల్లించిన సొమ్ము ఖాతాలో తగ్గి, అమ్మకందారుకు ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ జరిగిన నాటి నుండి ఐదు రోజులలోగా తిరిగి జమ కావాలి. ఆలస్యమైన ప్రతి దినానికి 100 రూపాయల పరిహారం చెల్లించాలి. ఖాతా నుండి ఖాతాకు పంపిన సొమ్ముకు గడువు ఒక్క రోజే.

రోజు కూలి మీద నడిచే కుటుంబానికి నలుగురి టికెట్ల సొమ్ము ఐదు రోజులు చేతిలో లేకపోవడం చిన్న విషయం కాదు. సొమ్ము తిరిగి వచ్చేసరికి నవజీవన్‌లో దీపావళి బెర్తులు నిండిపోయి ఉంటాయి. వాటి సంగతి ఆ ఉత్తర్వులో లేదు.