మూసలో వేసే ముందు బొమ్మ చూడాలి

పాత బంగారం బేరంలో వర్తకునికి గీటురాయి, త్రాసు ఉంటే చాలునన్నది వాడుక. రోమను చక్రవర్తుల బంగారు నాణెం విషయంలో ఈ రెండూ చాలవు. పోల్చుకోలేక కరిగించిన వర్తకునికి దక్కేది లోహం ధరే; మిగిలిన విలువ పొగలో పోయినట్టే.

1786 ప్రాంతంలో నెల్లూరు వద్ద ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం అడ్డు తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద నాణేల ముంత. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మివేశాడు. చాలావరకు కరిగిపోగా నవాబు అమీర్-ఉల్-ఉమరా చేజిక్కించుకున్నవి ముప్పై పైచిలుకు. కొన్ని టంకశాల నుంచి నిన్ననే వచ్చినట్టు మెరుస్తున్నాయని మద్రాసు గవర్నరు డేవిడ్సన్ రాశాడు.

ఈపురుపాలెం, చీరాల వర్తకులకు ఇది దూరపు కథ కాదు. 1970 వరకు ఈ ఊళ్లు ఉన్న గుంటూరు జిల్లాలోనే, వినుకొండలో, టైబీరియస్ మొదలు కారకల్లా వరకు చక్రవర్తుల నాణేలు 15 దొరికాయి. కృష్ణా ముఖద్వారపు మసాలియా సీమలో సన్నని నూలు బట్ట విస్తారంగా తయారయ్యేదని మొదటి శతాబ్దపు గ్రీకు నావికుని గ్రంథం చెబుతున్నది. రోము బంగారం ఇటు వచ్చింది ఇటువంటి సరుకు కొనడానికే. ఇండియాకు ఏటా 5 కోట్ల సెస్టర్సులు పోతున్నాయని ప్లీనీ వాపోయాడు. నూటికొకటి చొప్పున అది 5 లక్షల బంగారు నాణేల పెట్టు.

ఆనవాళ్లు కష్టమైనవి కావు. టైబీరియస్ నాటి నాణెం సుమారు 7.8 గ్రాములు, అంటే దాదాపు కాసు ఎత్తు. నీరో తగ్గించిన తరువాత 7.3, కారకల్లా నాటికి 6.5. సవరను 22 క్యారెట్లదే. తొలి రోమను నాణేలు దాదాపు మేలిమి. ఒక పక్క చక్రవర్తి తల, చుట్టూ లాటిన్ అక్షరాలు ఉంటాయి. అంచు పళ్లు, సంవత్సరపు అంకెలు ఉంటే అది రోమనుది కాదు. అక్షరాలు అర్థం లేని గీతలైతే ఇక్కడే చేసిన అనుకరణ కావచ్చు. అదీ ప్రాచీనమైతే విలువైనదే. ముఖం మీద ఉలి గాటు, దండకు గుచ్చిన బెజ్జం ఈ దేశంలో దొరికిన నాణేలకు మామూలే. వాటిని చూసి తీసిపారేయరాదు.

తప్పు వర్తకులది మాత్రమే కాదు. 1878 నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిక్షేపాన్ని కలెక్టరుకు తెలపాలి. సర్కారు దానిని తీసుకుంటే ఇచ్చేది లోహం విలువ, దానిపై అయిదో వంతు. విచారణ ముగిసేదాకా ఆగాలి. మూస మాత్రం అదే పూట సొమ్ము ఇస్తుంది. నాణేనికి నాణెం విలువ కట్టనంత కాలం దొరికినవాడు కలెక్టరు కచేరీకి కాక కంసాలి కొట్టుకే వెళతాడు.

ప్రభుత్వం ఈ అయిదో వంతు లెక్కను మార్చవలసి ఉన్నది. ఈలోగా వర్తక సంఘాలు ఒక కట్టుబాటు చేసుకోవడం శ్రేయస్కరం: తల బొమ్మ ఉన్న పాత నాణెం ఏది వచ్చినా కరిగించరాదు, కబురు కలెక్టరుకు చేరాలి. లైసెన్సు లేకుండా ఇటువంటి వస్తువులు అమ్మడం 1972 పురావస్తు చట్టం కింద నేరమని కూడా గుర్తుంచుకోవాలి. బంగారం మళ్లీ కొనవచ్చు; కరిగిన నాణెం మళ్లీ దొరకదు.