పాత మిద్దెకు కొత్త కొళాయిలు

తనకల్లు చుట్టుపక్కల పాత మిద్దె ఉన్న ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది: పడగొట్టి స్లాబు వేద్దామా, ఉన్నదాన్నే బాగుచేసుకుందామా?

పడగొట్టాలనేవాళ్ల మాటలో న్యాయముంది. కప్పు మీద చవుడు మట్టి పోయకపోతే మిద్దె ఉరుస్తుంది, పోసిన కొద్దీ దూలం మీద బరువు పెరుగుతుంది. ఆ పని తెలిసిన కూలీలూ తగ్గిపోయారు. 2021 నవంబరు వానలకు కదిరిలో భవనం కూలి ప్రాణాలు పోయాక, పాత గోడల మధ్య పడుకోవడానికి భయపడితే తప్పేముంది? వాననీటికీ స్లాబే మేలు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కురిస్తే వంద చదరపు మీటర్ల కప్పు మీద 55 వేల లీటర్లు పడతాయి. మట్టి మిద్దె మీద అందులో కొంత ఇంకిపోతుంది, మిగిలింది బురదగా దిగుతుంది.

కానీ మే నెల మధ్యాహ్నం మందపాటి రాతిగోడల ఇంట్లో కూర్చున్నవాళ్లకు స్లాబు కింది ఉక్క ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పైగా చాలా మిద్దెలు పాతబడి చెడవు, మనం తర్వాత పెట్టిన కొళాయిలతో చెడతాయి. మట్టితో కట్టిన రాతిగోడను తొలిచి పైపు దాస్తారు. బోరునీటి ఉప్పుకు పైపు పూడుకుపోతుంది, అతుకు కారుతుంది, లోపలి మట్టి కరిగి రాళ్లు కదులుతాయి. అందుకే స్నానాలగది ఇంటికి ఎడంగా కట్టాలి, పైపులు గోడ పైనే పోవాలి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. దాన్ని మిద్దెకెక్కించకుండా విడిగా స్టాండు కట్టాలి.

కరెంటు తీగలు కూడా గోడపైన గొట్టాల్లోనే వేయాలి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఇక్కడ మరచిపోయేది ఎర్తింగు. నేల ఎండితే అది సరిగా పనిచేయదు. గుంతలో బొగ్గు, ఉప్పు వేసి వేసవంతా నీళ్లు పోస్తుండాలి.

నా ఓటు బాగుచేయడానికే, కానీ ఒక షరతు మీద. దూలం గోడలోకి దూరే చోట ఉలితో పొడిచి చూడండి. చెమ్మా చెదలూ ముందు పట్టేది అక్కడే. ఉలి దిగబడితే కప్పు ఒక్కటీ మార్చి, ఇనుప గర్డర్ల మీద బండలు పరిస్తే చాలు. గోడ ఉబ్బి పక్కకు ఒరిగితే మాత్రం పడగొట్టక తప్పదు. ఆ రాళ్లు కొత్త పునాదికి పనికొస్తాయి.