క్రియాటినిన్ కోసం నిరీక్షణ

పసికందు గుండెకు శస్త్రచికిత్స సఫలమైన తరువాత మూత్రపిండాల పరీక్ష మొదలవుతుంది. గుండె-ఊపిరితిత్తుల యంత్రంపై గడిపిన సమయంలో అవి దెబ్బతినవచ్చు. మూత్రం తగ్గుతుంది, ఒంట్లో నీరు చేరుతుంది, వెంటిలేటర్ తీయడం ఆలస్యమవుతుంది. 3 కిలోల శిశువులో 300 మిల్లీలీటర్ల నీరు అదనంగా నిలిస్తే అది శరీర బరువులో పదోవంతు.

పాఠ్యగ్రంథాలు ఈ దెబ్బను ప్రధానంగా రక్తంలోని క్రియాటినిన్‌తో కొలవమంటాయి. అది ఆలస్యంగా వచ్చే సాక్షి. పుట్టిన తొలి రోజుల్లోనైతే అది చాలావరకు తల్లి నుంచి వచ్చినదే. సిన్సినాటి పిల్లల ఆసుపత్రికి చెందిన ప్రసాద్ దేవరాజన్ బృందం 71 మంది పిల్లలను పరిశీలించి, 2005లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి మూత్రంలో ఎన్‌గాల్ అనే ప్రోటీను 2 గంటలకే పెరిగింది. క్రియాటినిన్ ఆ సంగతి చెప్పడానికి 1 నుంచి 3 రోజులు పట్టింది. పిల్లలకు ఈ పరీక్షను అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది 2023లో. అదీ 3 నెలలు నిండినవారికే. ముప్పు ఎక్కువగా ఉన్న నవజాత శిశువులు ఆ గీతకు ఇవతలే మిగిలిపోయారు.

చికిత్సలోనూ ఇదే జాప్యం. ఫ్యూరోసెమైడ్ మూత్రాన్ని పెంచగలదు గాని గాయాన్ని మాన్పదు. అదే ఆసుపత్రి వైద్యులు, శస్త్రచికిత్స తరువాత మూత్రం తగ్గిన 73 మంది శిశువుల్లో కొందరికి ఆ మందును, కొందరికి పెరిటోనియల్ డయాలసిస్‌ను ఇచ్చి పోల్చారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం తొలిరోజు నీటి లెక్కలోను, మరణాలలోను చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే పదోవంతు నీరు చేరే అవకాశం, వెంటిలేటర్‌పై ఎక్కువకాలం ఉండే అవకాశం మందు పొందినవారిలో దాదాపు మూడు రెట్లు.

ఇది ఒకే ఆసుపత్రిలో జరిగిన చిన్న అధ్యయనం. పొట్టలో గొట్టం అమర్చడమూ నిరపాయం కాదు. ద్రవం కారవచ్చు, ఇన్ఫెక్షన్ సోకవచ్చు. కనుక ప్రతి శిశువుకూ అది అక్కరలేదు. కాని నవజాత శిశువులకు, యంత్రంపై ఎక్కువసేపు ఉన్నవారికి ఆ గొట్టాన్ని శస్త్రచికిత్స గదిలోనే, మత్తులో ఉండగానే అమర్చడం వివేకం. అవసరం లేకపోతే తీసివేయవచ్చు. అవసరమైతే, నీటితో ఉబ్బిన బిడ్డను అర్ధరాత్రి మళ్ళీ కోయనక్కరలేదు.

ఈ పద్ధతికి రక్తనాళంలో గొట్టం అక్కరలేదు, ఖరీదైన యంత్రం అక్కరలేదు. పొట్టలోని పొరే వడపోత. సిన్సినాటిలో సాధ్యమైనది హైదరాబాదులోనూ సాధ్యమే. కావలసింది, క్రియాటినిన్ పెరిగేదాకా ఆగకుండా ముందే నిర్ణయించుకోవడం.