సమాచారమూ అమానతే!

రంజాన్ నెలలో పేద కుటుంబాలకు రేషన్ సరుకులు పంచడం మా మహల్లాలో ఆనవాయితీ. కొన్నేళ్ల క్రితం ఆ లెక్కలు చూసే బాధ్యత మా మీద పడింది. పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు రాసుకున్నాం. ఆధార్ నకళ్లు తీసుకున్నాం. దాతలకు లెక్క చూపాలన్న ఉద్దేశంతో, సంచులు అందుకుంటున్న వారి ఫొటోలు తీయించి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టించాం. మరుసటి రంజాన్‌కు ఒక వితంతు సోదరి రాలేదు. విచారిస్తే, ఆమె కూతురిని చూసి వెళ్లిన పెళ్లివారి ఫోనుకు కూడా ఆ ఫొటో చేరిందని, ఆ తరువాత సంబంధం ముందుకు సాగలేదని తెలిసింది. పది కిలోల బియ్యమిచ్చి ఒక ఇంటి గుట్టు బజారుకెక్కించామే అన్న బాధ నేటికీ మమ్మల్ని వీడలేదు.

వ్యక్తిగత గోప్యత అనే మాట మనలో చాలామందికి కొత్తగా వినిపించవచ్చు. కాని విషయం కొత్తది కాదు. అనుమతి పొంది, సలాం చెప్పిన తరువాతే ఇతరుల ఇళ్లలో ప్రవేశించాలని దివ్య ఖుర్ఆన్ (24:27) ఆదేశించింది. ఇతరుల రహస్యాలు ఆరా తీయడాన్ని, పరోక్ష నిందను (49:12) నిషేధించింది. ఒక వ్యక్తి తమ ఇంటి తలుపు రంధ్రంలోంచి తొంగి చూసినప్పుడు, అనుమతి కోరాలన్న నియమం చూపు కారణంగానే ఏర్పడిందని మహాప్రవక్త (స) మందలించినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ఎవరైనా ఒక మాట చెప్పి అటూ ఇటూ చూస్తే, ఆ మాట విన్నవాని దగ్గర అమానత్ అవుతుందన్న భావం గల హదీసు తిర్మిజీలో ఉంది. ఎవరికీ చెప్పవద్దని నోటితో కోరనవసరం కూడా లేదన్నమాట!

ఇక మన దేశ చట్టం సంగతి చూద్దాం. పోలీసులు రాత్రివేళ ఇళ్లకు వచ్చి తనిఖీ చేసే నిబంధనను 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అయినా గోప్యత ప్రాథమిక హక్కు అని మాత్రం అంగీకరించలేదు. 2017 ఆగస్టు 24న విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా దానిని ప్రాథమిక హక్కుగా ప్రకటించారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు అవి 18 నెలల గడువునిచ్చాయి.

ఇతరుల సమాచారాన్ని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవారిని ఈ చట్టం ‘డేటా ఫిడ్యూషియరీ’ అంటుంది. మన మాటల్లో చెప్పాలంటే అమానత్‌దారు. సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో అతడు ముందే చెప్పాలి. ఆ నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలి. తెలుగు, ఉర్దూ రెండూ అందులో ఉన్నాయి. సమ్మతి స్వేచ్ఛగా, షరతులు లేకుండా ఇచ్చినదై ఉండాలి. చెప్పిన పనికి అవసరమైనంత మేరకే సమాచారం తీసుకోవాలి. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత సులభంగా వెనక్కి తీసుకోవచ్చు. తప్పులు దిద్దమని, చెరిపివేయమని అడిగే హక్కు ఉంది. 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. కాగితం మీద రాసుకుని తరువాత కంప్యూటర్‌కెక్కించినా చట్టం వర్తిస్తుంది.

చట్టంలో లోపాలు లేకపోలేదు. దేశ భద్రత, శాంతిభద్రతల పేరిట తన సంస్థలకు మినహాయింపునిచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. సమాచార భద్రతలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు గాని, ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకే చేరుతుంది. నష్టపోయిన వారికి పరిహారమిప్పించే ఏర్పాటు ఇందులో లేదు. కనుక పరువు పోయిన తరువాత చట్టాన్ని ఆశ్రయించడం కన్నా, పోకుండా కాపాడుకోవడమే మేలు.

ఈ పని మన ఇళ్ల నుంచి, మన మస్జిదుల నుంచే మొదలు కావాలి. ఆధార్ నకలు ఇవ్వవలసి వస్తే దానిమీద తేదీ, ఏ పని కోసమో రాసి ఇవ్వండి. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే ఆధార్ చాలినచోట అదే ఇవ్వండి. ఆడపిల్ల ఫొటో, వివరాలు పెళ్లి సంబంధం కోసం చేతికొస్తే, ఆ ఇంటివారిని అడగకుండా మరొకరికి పంపకండి. కమిటీ పెద్దలు జకాత్ జాబితాను ఒకరిద్దరి దగ్గరే ఉంచాలి. పని పూర్తయ్యాక నకళ్లను తిరిగి ఇచ్చివేయాలి. దాతలకు కుటుంబాల సంఖ్య, ఖర్చు లెక్క చూపితే చాలదా? అవసరంలో చేయి చాచిన మనిషి ఫొటో వద్దని ఎలా అనగలదు? ఆ మౌనాన్ని సమ్మతిగా భావించడం న్యాయమేనా?

మా మహల్లాలో ఇప్పుడు ఫొటోలు మానేశాం. సరుకులు ఇషా నమాజు తరువాత ఇళ్లకే చేరుతున్నాయి. ఆ సోదరి ఇంటికి వెళ్లి క్షమాపణ కోరాం. ఆమె క్షమించింది. కాని చేతులు మారిపోయిన ఆ ఫొటోను మాత్రం వెనక్కి తేలేకపోయాం.

సాటి సోదరుని లోపాన్ని కప్పిపుచ్చిన వాని లోపాన్ని అల్లాహ్ ప్రళయదినాన కప్పిపుచ్చుతాడని మహాప్రవక్త (స) శుభవార్తనిచ్చారు. మన చేతికొచ్చిన ప్రతి అమానత్‌నూ కాపాడే భాగ్యాన్ని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.