ఆ తొడుగు ఎవరి చేతికి?

రోబో అనగానే మన పిల్లల కళ్ళ ముందు ఇనుప కాళ్ళూ చేతులూ గల మరబొమ్మ నిలుస్తుంది. రబ్బరుతో, సిలికాన్‌తో, గుడ్డతో తయారయ్యే రోబోలు కూడా ఉన్నాయి. లోపలికి గాలినో నీటినో పంపితే అవి వంగుతాయి, ముడుచుకుంటాయి, కోడిగుడ్డును పగలకుండా పట్టుకుంటాయి. ఈ శాస్త్రానికి సాఫ్ట్ రోబోటిక్స్ అని పేరు.

దీని మూలాలలో ఒకటి ఒక తండ్రి వేదనలో ఉంది. జోసెఫ్ మెక్‌కిబెన్ అమెరికాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త. 1945 జూలైలో న్యూమెక్సికో ఎడారిలో ప్రపంచపు తొలి అణుబాంబు పరీక్ష జరిగినప్పుడు, పేలుడుకు ముందరి చివరి క్షణాలలో యంత్రక్రమాన్ని ప్రారంభించే స్విచ్ వేసినవారు ఆయనే. కొన్నేళ్ళకు ఆయన కుమార్తెకు పోలియో సోకి చేతులు చచ్చుబడ్డాయి. ఆ బిడ్డ వేళ్ళను కదిలించడానికి 1950ల దశకంలో ఆయన ఒక కృత్రిమ కండరాన్ని రూపొందించారు. లోపల రబ్బరు గొట్టం, దానిపై జడలా అల్లిన తొడుగు. గొట్టంలో వాయువు నింపితే అది లావై, పొడవు తగ్గుతుంది. ఆ లాగుడుకు వేళ్ళు ముడుచుకుంటాయి. నేటికీ దానిని మెక్‌కిబెన్ కండరమనే పిలుస్తారు. బాంబు మీట వేసిన చేయే బిడ్డ చేతికి పట్టునివ్వాలని తపించడం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. తయారు చేసేవారికి, వాడేవారికి మధ్య దూరం లేదు. ఏ వేలు బిగుసుకుంటున్నదో, ఏ పట్టీ ఒరుసుకుంటున్నదో అడిగి తెలుసుకోవడానికి మనిషి ఎదురుగానే ఉంది.

పట్టు తప్పిన చేతుల కోసం ఇటువంటి మెత్తని తొడుగులను హార్వర్డ్ వంటి విశ్వవిద్యాలయాలు రూపొందించాయి. తొడుగులోని వంపు సరిగ్గా వేలి కణుపు మీదనే రావాలి. పెద్ద చేయి గల పురుషుని కొలతతో కుట్టినదానిని చిన్న చేయి గల స్త్రీకి తొడిగితే వంపు కణుపు దాటిపోతుంది. తొడుగు వంగుతుంది గానీ వేలికి ఉపకారం జరగదు. కాబట్టి కొలతలు తీసే బల్ల దగ్గర స్త్రీలు, వికలాంగులు ఉన్నారా లేరా అన్నది చికిత్సకు సంబంధించిన ప్రశ్నే.

స్త్రీలు ఈ రంగంలో అసలే లేరని కాదు. ఎముకలేని ఆక్టోపస్ బాహువును అనుకరించే రోబోపై ఇటలీలోని పీసా నగరంలో సాగిన కృషికి నాయకత్వం వహించినవారు చెచీలియా లాస్కి అనే మహిళా శాస్త్రవేత్త. అమెరికాలో పర్డ్యూ, యేల్ విశ్వవిద్యాలయాలతో సంబంధం గల పరిశోధకులు ఉన్నత పాఠశాలలలో మెత్తని రోబో తయారీని పాఠంగా బోధించి, దానివల్ల బాలికలకు ఇంజనీరింగుపై ఆసక్తి, ఆత్మవిశ్వాసం పెరుగుతాయా అని పరిశీలించారు. ఆ పరిశోధన 2021లో ప్రచురితమైంది. అమ్మాయిలలో ఏ లోపముందని వెతకకుండా, పాఠాన్నే మార్చి చూడడం నాకు నచ్చిన సంగతి.

చిన్న నమూనాకు పెద్ద కర్మాగారం అవసరం లేదు. రెండు ద్రవాలను సమపాళ్ళలో కలిపి, బుడగలు పోయేదాకా ఆగి, అచ్చులో పోసి గట్టిపడనివ్వాలి. ఫిర్నీ పోసి ఎదురుచూసే మన ఇళ్ళకు ఈ ఓర్పు కొత్త కాదు. అయితే దీనిని ఆసరాగా తీసుకుని మెత్తనిది ఆడపిల్లకు, ఇనుము మగపిల్లవాడికి అని పంచిపెట్టడం నాకు సమ్మతం కాదు. అచ్చు పోయడం చెల్లెలికి, గాలి ఒత్తిడిని అదుపు చేసే ప్రోగ్రామ్ రాయడం అన్నకు అప్పగిస్తే పాత తలుపుకు కొత్త రంగు వేసినట్లే.

హార్వర్డ్, డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల కలిసి రూపొందించిన సాఫ్ట్ రోబోటిక్స్ టూల్‌కిట్‌లో నమూనాలు, తయారీ విధానాలు ఉచితంగా లభిస్తాయి. రుసుము లేదు గానీ భాష ఇంగ్లీషు. తెలుగు, ఉర్దూ మాధ్యమాలలో చదివే అమ్మాయికి అక్కడే అడుగు ఆగిపోతుంది. ఇంట్లో ఇంజనీరింగ్ చదువుతున్న అక్కో అన్నో ఉంటే, సెలవు రోజున ఒక గంట కూర్చుని ఆ పుటలను ఇంటి భాషలో చెప్పవచ్చు. పక్షవాతంతో చేయి సరిగా ఆడని దాదీమా ఆ ఇంట్లోనే ఉంటే, పని మొదలుపెట్టే ముందు పిల్లలను ఆమె పక్కన కూర్చోబెట్టండి. గ్లాసు ఎత్తడం కష్టమా, తస్బీహ్ పూసలు తిప్పడం కష్టమా, ముందు ఆమెనే అడగమనండి.